ఉదకుంభదానం

వెలగలంక రామాలయాన్ని ఆనుకొని ఉన్న వంటగది గడపమీద నిలోఫర్ నిలబడి ఉండగా గడచిన వారం మనం ఆగాము. ఆమె చేతిలో సెల్‌ఫోను, చెవిలో అప్పుడే విన్న ఆజ్ఞ. ఎదుట పీటమీద, ఇంకా గజ్జెలు కట్టుకోని వెంకటనరసమ్మగారు.

నడుమ వచ్చి చేరిన పాఠకుల కోసం నాలుగు మాటలు. కొల్లేటి నడిమి ఈ లంకలో ఏడాదిన్నరలోగా ముగ్గురు పసివాళ్ళు పోయారు. చేతులు వణకడంతో మొదలై నోట నురగతో ముగిసిన చావులవి. అందరికంటే ముందు పోయినవాడు, చేపల చెరువుల మీద కూలికి వెళ్ళే రత్నం కొడుకు పండు. ఊరిలోకి ఎందరో వచ్చారు. రక్తమూ నీరూ సీసాలలో పట్టుకొని వెళ్ళారు. ఏమి తేలినదో తిరిగివచ్చి చెప్పిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. ఏలూరులో తివాచీలు నేసే మస్తాన్ కూతురు నిలోఫర్ వచ్చినప్పుడు మాత్రం రత్నం ఆమె చేయి పట్టుకొని ఒక మాట తీసుకుంది. తేలినది ఈ ఊళ్ళోనే, అందరి ముందర, తమకు తెలిసే మాటల్లో చెప్పాలని. శాస్త్రాన్ని జనం వద్దకు చేర్చడమే పనిగా యూనివర్సిటీ పెట్టిన విభాగంలో, ఆనంద్ పాల్ సారు కింద, నిలోఫర్ పరిశోధకురాలు. ఆమె మాట ఇచ్చింది. ఆ మాట చెల్లించుకొనడానికే రత్నం చేత తాంబూలం ఇప్పించి, తాడేపల్లిగూడెం నుంచి, అందరూ దాసుగారు అని పిలిచే హరికథకురాలు వెంకటనరసమ్మగారిని పిలిపించింది.

తేలిన సంగతి ఇది. ఊరి చెరువులో దోషం లేదు. ఆకివీడు నుంచి ఆటోలో వచ్చే ఫిల్టరు నీటిలోనూ లేదు. దోషమంతా ఆ నీటిని నింపి ఇంట పెట్టుకునే నీలం డబ్బాలలో ఉంది. చేపలకు పట్టే పేనును చంపడానికి చెరువులలో చల్లే మందు ఆ డబ్బాలలో వస్తుంది. మందు అయిపోయిన తరువాత వాటిని చింతపండుతో, బూడిదతో తళతళలాడేటట్లు తోమి మంచినీళ్ళకు వాడుకుంటున్నారు. మందు మాత్రం ప్లాస్టిక్కు పొరలలో ఇంకి ఉంటుంది. ఎండ తగిలినప్పుడల్లా కొద్దికొద్దిగా నీటిలోకి దిగుతుంది.

ఇక కథలోకి వెళదాము.

"ఏం తల్లీ, అలా నిలబడిపోయావు? లోపలికి రా" అన్నారు వెంకటనరసమ్మగారు. "మీ సారు నా పద్యానికి వంక పెట్టాడా? 'డబ్బా గర్భం' అని హిందీనీ సంస్కృతాన్నీ ఒకే తాడుకి కట్టినందుకు పండితులు నన్ను కొడతారని ముందే అనుకున్నాను. కొట్టనీ."

ఆ పద్యం పది రోజులుగా ఇద్దరూ కూర్చొని చేసినది. నిలోఫర్ సంగతి చెబుతుంటే వెంకటనరసమ్మగారు వేళ్ళమీద గణాలు లెక్కపెట్టుకుంటూ కట్టారు. పిల్లలు సైతం ఒక్కసారి విని ఒప్పగించగలిగేటట్లు ఉండాలని ఆటవెలదిలో చెప్పారు.

విషము నిండినట్టి పెద్దడబ్బా గర్భ
మెంత తోమినేని మేలు కాదు
అందు గంగ పోయ నమృతమైనను గాని
గొంతు దిగిన వేళ గుండె కోయు

"వంక పెట్టలేదండీ" అంది నిలోఫర్. "పద్యమే వద్దన్నారు. 'నీటిని పరిశుభ్రమైన పాత్రలలో నిలువ చేసుకోండి' అని చెబితే చాలన్నారు."

వెంకటనరసమ్మగారి నవ్వు పెదవులమీదనే ఆగిపోయింది. "ఈ ఊరి ఆడవాళ్ళు ఆ డబ్బాని తోమినట్టు మీ యూనివర్సిటీలో గిన్నెలు తోముతారా? పరిశుభ్రం అంటే వీళ్ళకి ఆ డబ్బాయే కదమ్మా! బిందెలో బురద దిగాలంటే చిల్లగింజ అరగదీసి కలపాలి. చిల్లగింజా, చిల్లగింజా అని జపం చేస్తే దిగుతుందా?"

"నేనూ అదే అన్నానండి."

"మరి ఆయనేమన్నాడు?"

"రేపు పేపర్లో చెరువుల మందు వల్ల పిల్లలు పోయారని పడితే ఆకివీడులో చేపల లారీ కదలదన్నారు. రైతుల సంఘం వాళ్ళు మా విభాగానికి సాయం చేస్తున్నారు కదండీ."

"అది ఆయన ముందు చెప్పిన కారణమా, తరవాత చెప్పిందా?"

నిలోఫర్ ఆశ్చర్యంగా చూచింది. "తరవాత చెప్పిందండి."

"అయితే దాన్ని అవతల పెట్టు. ముందు చెప్పింది చెప్పు."

నిలోఫర్ గోడకు ఆనుకొని కూర్చున్నది. బయట పందిరిలో మైకు సరిచూస్తున్నవాడు "హలో, హలో" అంటున్నాడు. ఊరిచుట్టూ ఉన్న చెరువులలో నీటిని చిలికే యంత్రాల రొద వినిపిస్తున్నది. చేపల మేతకు మరిగించిన తవుడు వాసన గాలిలో బరువుగా తేలివస్తున్నది.

"రత్నం గురించండి" అంది చివరకు. "కొడుకుకి తనే రోజూ ఆ డబ్బాలోంచి వంచి ఇచ్చింది. జ్వరం వచ్చినప్పుడు, ఫిల్టరు నీళ్ళు మంచివని, ఇంకా ఎక్కువ తాగించింది. ఆ సంగతి నలుగురి మధ్యా మైకులో విని ఆ తల్లి ఎలా బతుకుతుందని అడిగారు. ఆనంద్ పాల్ సారు చెడ్డవారు కారండీ. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు కూడా బాగులేదు. అప్రియమైన సత్యం చెప్పవద్దని మీ పెద్దలే అన్నారట కదా. దాసుగారికి నా మాటగా చెప్పు, ఆవిడకి తెలుస్తుంది అన్నారు."

వెంకటనరసమ్మగారు పక్కనున్న గుడ్డమూట విప్పి గజ్జెలు ఒడిలో పోసుకున్నారు. నలభై ఏళ్ళనాడు గురువుగారు తమ చేతులతో కట్టిన గజ్జెలవి. తోలు రెండుసార్లు మారింది. మువ్వలు మారలేదు.

"మీ సారు మంచివాడే. సగమే చదువుకున్నాడు" అన్నారు. "ఆ మాటకి జంటగా ఇంకొకటి ఉంది తల్లీ. ప్రియంగా ఉంది కదా అని అసత్యం చెప్పవద్దని. పెద్దలు రెండూ ఒకే ఊపిరిలో చెప్పారు. మనవాళ్ళు మొదటిది గుమ్మానికి కట్టుకొని రెండోది అటకమీద పెట్టారు."

"మైకులో కాకుండా, ముందే రత్నం ఒక్కదానికే చెప్పేస్తే సరిపోయేది కదండీ" అంది నిలోఫర్, తనలో తాను అనుకున్నట్లుగా.

"నేనూ అదే అడుగుదామనుకుంటున్నాను. పొద్దున్న వాళ్ళింటికి వెళ్ళావుగా?"

"వెళ్ళానండి."

"చెప్పలేదా?"

"చెబుదామనే కూర్చున్నాను. 'కూర్చోండి అమ్మగారూ, టీ పెడతాను' అంది. డబ్బా వంచి గిన్నెలో నీళ్ళు పోసింది. నేను చూస్తూనే ఉన్నాను. గ్లాసు తెచ్చి ఇచ్చింది. వద్దంటే ఎందుకో చెప్పాలి కదండీ. నోరు రాలేదు." నిలోఫర్ తల వంచుకున్నది. "తాగేశాను."

గజ్జెలమీద వెంకటనరసమ్మగారి చేయి కదలక నిలిచిపోయింది.

"తాగాక?"

"ఇంకో అరగ్లాసు పోసింది. అదీ తాగాను. పక్కన సత్యశ్రీ కూర్చుని పలకమీద రాసుకుంటోంది. పండు తరవాత మిగిలిన పిల్ల అదొక్కతే. దాని అక్షరాలు చూశానండి. పోయిన నెలలో గుండ్రంగా ఉండేవి. ఇప్పుడు వణుకుతున్నాయి."

పండుకు మొదలైనదీ చేతుల వణుకుతోనే. ఇద్దరి మనసులలోనూ ఒకే పేరు ఉన్నది.

"విను" అన్నారు పెద్దావిడ, గొంతు తగ్గించి. "పోయినవాడి కోసం తల్లి మనసు కాపాడదామంటే, ఉన్నదాని ప్రాణం పోతుంది. ఈ తక్కెడ నా చేతికి ఇచ్చి తూచమంటే నాకూ వణుకే. కానీ ముల్లు ఎటు వంగుతుందో కనబడుతూనే ఉంది కదమ్మా."

ఆమె కుడికాలు చాచి గజ్జెలు చుట్టుకొని ముడివేయసాగారు. ఆమె కథ నేర్చిన గురుకులంలో ఒక నియమం ఉన్నది. గజ్జె కట్టుకొనేవరకు మనిషి మనిషే. కట్టుకొన్న తరువాత, తెలిసి తెలిసి అబద్ధమాడరాదు, తెలిసిన నిజాన్ని దాచిపెట్టి సభను ఇంటికి పంపరాదు. నవ్వుకోసం చెప్పే పిట్టకథలకు ఆ కట్టడి లేదు. ప్రాణాలతో ముడిపడిన మాటకు తప్పక ఉన్నది. ఆ నియమం కారణంగానే, పెళ్ళివారి మెప్పు కోసం వంశావళులు పొగిడే కచేరీలను ఆమె వయసులో ఉన్నప్పుడే మానుకున్నారు. కూడు తగ్గినది, మాట తగ్గలేదు.

కుడికాలి ముడి బిగిసేసరికి గడపమీద దగ్గు వినిపించింది.

"ఏవండీ దాసుగారూ! లోపలికి రావచ్చాండీ?"

సూర్రావు. ఊరి చుట్టూ ఉన్న చెరువులలో సగం అతడు కౌలుకు చేసేవే. ఈనాటి పందిరీ మైకూ అతడు పెట్టించినవే. భుజంమీద కొత్త తువ్వాలు. ముఖాన కుంకుమ.

"రా బాబూ."

"పాలు, మిరియాలూ అన్నీ చెప్పేనండి. ఇంకేమన్నా కావాలంటే మొహమాటపడకండి." అతడు నిలోఫర్ వంక చూచి చేతులు జోడించాడు. "మేడంగారూ, మీ సారు పొద్దున్నే నాకూ ఫోను చేసేరండి. ఆ డబ్బాల ముక్క తీసేత్తన్నారు, కంగారుపడకండి అన్నారు."

"నీకు కంగారెందుకు సూర్రావూ?" అన్నారు వెంకటనరసమ్మగారు.

"అదేంటండీ బాబూ! డబ్బాలు నా చెరువులవి కదండీ. రేపు ఊరంతా నా గుమ్మంలో కూర్చోదాండీ?"

"డబ్బాకి చిల్లులు పొడిచి పారెయ్యాలని నీకు మందు అమ్మినవాడు చెప్పలేదా?"

"ఆయ్, చెప్పేడండి. ఒకసారి పొడిచేను కూడానండి. 'బంగారంలాంటి డబ్బా పాడుచేత్తున్నాడు, పాపం తగులుద్ది' అని ఆడోళ్ళు నన్ను తిట్టిపోసేరండి. మూత బిగుతుగా పట్టే డబ్బా అండి. దోనెలో పడేసినా చుక్క ఒలకదు. కుండకి అలా కుదురుద్దాండీ? మా ఇంట్లోనూ అవేనండి దాసుగారూ. నా మనవడూ ఇన్నాళ్ళూ ఆ నీళ్ళే తాగేడు. నాకు తెలిసుంటే నేను తాగనిత్తానాండీ?"

అతడి మాటలో నటన లేదు. నిలోఫర్‌కు అది స్పష్టంగా తెలిసింది. అందువల్ల కోపం తెచ్చుకొందామన్నా రాలేదు.

"ఇవాళ తెలిసిందిగా" అంది. "మీ మనవడి కోసమైనా చెప్పనివ్వండి."

"మా ఇంట్లో పొద్దున్నే పగలగొట్టించేసేనండి."

తన ఇంట పగలగొట్టించినవాడు ఊరికి చెప్పలేదు. ఆ సంగతి అతడికీ అప్పుడే వినిపించినట్లున్నది. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"నిదానంగా అందరికీ బిందెలు కొనిపెట్టేత్తానండి" అన్నాడు తొందరగా. "పండక్కి ఇచ్చినట్టు. డబ్బాలు వెనక్కి తీసేసుకుంటాను. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. మీ కథలో పాముందిగా దాసుగారూ! మడుగులో విషం కక్కింది, పిల్లలు పడిపోయేరు, స్వామి వచ్చేడు. పాముతో సరిపెట్టెయ్యండి. పైనుంచి వచ్చే కాలవలోనే విషం ఉందని జనం ఎలాగూ అనుకుంటన్నారు. అనుకోనివ్వండి."

"పాము దొరికితే ఊరికి హాయే బాబూ" అన్నారు వెంకటనరసమ్మగారు. "అందరూ కలిసి తిట్టుకోవచ్చు. ఇక్కడ పాము లేదు. అదే కదా బాధ." ఆమె ఎడమకాలి గజ్జెలు చేతిలోకి తీసుకున్నారు. "బిందెలు ఎప్పటికి వస్తాయి?"

"ఈ పంట చేపల పట్టుబడి అయ్యాకండి."

"అంతదాకా పిల్లలు ఏం తాగాలి?"

సూర్రావు గడప దాటి లోపలికి వచ్చి, ఒంటిమోకాలిమీద కూర్చున్నాడు. అప్పటివరకు ఉన్న మర్యాద గొంతులోనుంచి జారిపోయి, దానికింద ఉన్న భయం పైకి వచ్చింది.

"నా సంగతి వదిలెయ్యండి. నన్ను తిట్టుకుంటారు, కేసు పెడతారు, పడతానండి. మేడంగారూ, మీరు ఇల్లిల్లూ తిరిగి ఏ డబ్బా, ఎన్నాళ్ళబట్టీ అని అడిగేరు కదండీ. ఎవరిచ్చేరని అడిగేరాండీ?"

నిలోఫర్ తల ఎత్తింది.

అడగలేదు. ప్రశ్నలు కట్టినప్పుడు ఆ ప్రశ్న ఆమెకు తోచనేలేదు. ఖాళీ డబ్బాలు చెరువు గట్లమీద పడి ఉంటాయి. ఎవరికి వారు తెచ్చుకొని ఉంటారు అనుకున్నది.

"నేనివ్వలేదండి" అన్నాడు సూర్రావు. "ముందునుంచీ డబ్బా వాడింది చెరువు పనికొచ్చే రెండు మూడిళ్ళోళ్ళేనండి. రత్నం ఒకత్తి. పండు పోయేడు. తరవాత వైశాఖం వచ్చింది. పోయినోళ్ళకి దాహం తీరాలంటే వైశాఖంలో నీళ్ళకుండ దానం ఇయ్యాలంటారు కదండీ, మీకు తెలిసిందే. పిల్లోడు నీళ్ళు నీళ్ళు అంటా పోయేడు. ఆ మాట దాని చెవుల్లోంచి పోలేదండి. కుండలైతే పగిలిపోతాయని, నా గట్టుమీద ఉన్న డబ్బాలన్నీ అడిగి పట్టికెళ్ళింది. నేనూ పుణ్యమే కదా అనుకున్నాను. కొల్లేట్లో దిగి, చింతపండేసి, ఇటుకపొడేసి, గోళ్ళు అరిగిపోయేలా తోమిందండి. ఆకివీడు నుంచి ఫిల్టరు నీళ్ళు తెప్పించి, నింపి, పసుపురాసి, పండు పేరు చెప్పి, ఇంటికొకటి ఇచ్చింది. తీసుకోని ఇల్లు లేదండి ఈ ఊళ్ళో."

అతడు బయట పందిరివైపు ఒకసారి చూచాడు.

"మిగతా ఇద్దరూ పోయింది ఆ తరవాతేనండి."

బయట మృదంగానికి శ్రుతి కడుతున్నారు. ఒక్కొక్క దెబ్బా వంటగది గోడకు వచ్చి తగులుతున్నది.

"ఇప్పుడు చదవండి మీ పద్యం" అన్నాడు సూర్రావు. ఆ మాటలో వెటకారం లేదు, ఏడుపు ఉన్నది. "డబ్బాల్లో విషం ఉందని చెప్పిన మరుక్షణం ఆ ఇద్దరి తల్లులూ ఎవరివంక చూత్తారో ఆలోచించుకోండి. వాళ్ళు ముందువరసలోనే కూర్చున్నారు. రత్నం వాళ్ళ మధ్యనే కూర్చుంది."

అతడు లేచి, చేతులు జోడించి వెళ్ళిపోయాడు.

నిలోఫర్ నేర్చిన విద్యలో ప్రతి కొలతకూ ఒక పరికరం ఉన్నది. నీటిలో విషమెంతో చెప్పగలదు. రక్తంలో ఎంత చేరినదో చెప్పగలదు. కొడుకు దాహం తీరాలని ఒక తల్లి చేసిన దానం ఎంత దూరం పారి ఎవరి ఇంట ఆరినదో కొలిచే పరికరం ఆమె వద్ద లేదు. ఇంటింటా ఆమె కూర్చున్న అరుగులు కళ్ళకు కట్టాయి. నీలం డబ్బాల మెడలలో వెలిసిపోయిన పసుపు మరకలు గుర్తుకు వచ్చాయి. మరకలు చూచింది, ఏమిటని అడగలేదు.

"అమ్మగారూ" అంది. "ఇప్పుడేం చేస్తారండీ?"

వెంకటనరసమ్మగారి కుడికాలికి గజ్జె ఉన్నది. ఎడమకాలు వట్టిది. చేతిలోని మువ్వలను ఆమె చాలాసేపు చూచారు. అరవై అయిదేళ్ళ ఆ ముఖంమీద ఇంతకుమునుపు నిలోఫర్ ఎన్నడూ చూడని భయం ఉన్నది.

"కట్టుకోకుండా ఇక్కడినుంచే బస్సెక్కి గూడెం వెళ్ళిపోవచ్చు" అన్నారు మెల్లగా. "జ్వరం వచ్చిందంటే ఎవరూ కాదనరు."

"వెళతారా అండీ?"

ఆమె ఎడమకాలు చాచారు. ముడి రెండుసార్లు జారింది. మూడవసారి నిలోఫర్ ముందుకు వంగి, ఆ ముడి తాను వేసింది.

"చదువుతారా?"

"ఇక నన్నడక్కు తల్లీ. కట్టేసింది నువ్వే."

పందిరి నిండిపోయింది. ముందు స్త్రీలు, వారి ఒడులలోనూ పక్కనా పిల్లలు, అంచులలో పురుషులు. దీపారాధన అయింది. కాసెకట్టిన పట్టుచీరతో, మెడలో పూలదండతో వెంకటనరసమ్మగారు వేదిక ఎక్కి చిరతలు మోగించేసరికి గొణుగులు అణగిపోయాయి.

ఆనాటి ఆమె కథ విన్నవారు మరచిపోలేరు. మడుగును వర్ణించారు. పైన ఎగిరే పక్షి సైతం రెక్కలు కాలి రాలే ఆ నల్లని నీటిని వర్ణించినప్పుడు, కొల్లేటి గూడబాతుల రెక్కల చప్పుడు ఎరిగిన ఆ జనం ఒక్కసారిగా పైకి చూచారు. ఎండలో ఆలమందల వెంట తిరిగి తిరిగి దాహంతో గోపబాలురు మడుగు గట్టుకు వచ్చారు. ఆమె నేలమీద మోకరిల్లి, దోసిలి పట్టి, వంగారు. "తాగకండిరా నాయనా" అని ముందువరసలో ఒక ముసలమ్మ పైకే అరిచింది. ఎవరూ నవ్వలేదు. వేదికమీద దోసిలి పెదవులను తాకింది. గజ్జెలు ఒక్కసారి ఘల్లుమని ఆగిపోయాయి. పిల్లలు పడిపోయారు.

స్త్రీలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చనిపోయిన ఇద్దరి తల్లులూ ఒకరినొకరు పట్టుకున్నారు. వారిద్దరి భుజాలమీదా రత్నం చేతులు ఉన్నాయి.

స్వామి ఇంకా రాలేదు. కథ అక్కడ నిలిపి ఆమె విశ్రాంతి తీసుకోవాలి. దాసుగారికి పాలు ఇవ్వడం వాడుక. ఈ లంకలలో దానికి ముందు మరొక ఆచారం కూడా ఉన్నది. తాంబూలమిచ్చి కథను పిలిచిన ఇల్లాలు స్వయంగా మంచినీళ్ళు తెచ్చి ఇస్తుంది. కథ చెప్పినవారు ఒక గుక్క పుచ్చుకొని, మిగిలినది ఆ ఇంటి బిడ్డ దోసిలిలో పోస్తారు. భగవంతుని కథ పలికిన పెదవులు తాకిన నీరు తీర్థమని వారి నమ్మకం.

వెంకటనరసమ్మగారికి తాంబూలమిచ్చి పిలిచినది రత్నం.

ఆమె లేచింది. ఉతికిన చీర, నుదుట పెద్ద బొట్టు. రెండు చేతులతో ఇత్తడి గ్లాసు పట్టుకొని, ఒక తులసిదళం పైన తేలుతుండగా, మెట్లెక్కి వచ్చింది. వెనుక సత్యశ్రీ. పిల్ల తలకు నూనె రాసి గట్టిగా జడవేశారు. అప్పుడే చేతులు రెండూ చేర్చి దోసిలి పట్టుకొని ఉన్నది. ఆ దోసిలి నిలకడగా లేదు.

"పుచ్చుకోండి దాసుగారండీ" అంది రత్నం. మైకు దగ్గరగా ఉండడం వల్ల ఆ మాట పందిరంతా వినిపించింది. "మా పండుగాడి డబ్బాలో నీళ్ళేనండి. కొత్తగా తోమి నింపేను. మీరు తాగితే ఆడు తాగినట్టేనండి."

వెంకటనరసమ్మగారు గ్లాసు అందుకున్నారు.

సూర్రావు పందిరి రాటను పట్టుకొని నిలబడ్డాడు. మృదంగంమీద చేతులు ఆగిపోయాయి. ఆమె గ్లాసును పెదవులవరకు ఎత్తలేదు, దించనూలేదు. కాదంటే, ఈ ఊరి చేతినీరు ముట్టని పెద్దకులపు మనిషి అవుతారు. తాగితే, మిగిలినది ఆ చిన్నారి దోసిలికి పోవాలి.

"రత్నమ్మా" అన్నారు. మైకులో ఆమె గొంతు ముసలిగా వినిపించింది. "నేను పురాణం చెప్పుకునే మనిషిని. మడుగులో ఏముందో నాకు తెలుసు. నీ ఇంట్లో ఏముందో కనిపెట్టింది వేరే ఆమె. నీకు మాట ఇచ్చింది కూడా ఆమే. ఆ మాట నా నోట చెల్లదు తల్లీ."

ఆమె గ్లాసు పట్టుకొనే ఉన్న చేతితో పందిరి చివరివైపు చూపారు.

"నిలోఫరమ్మా, పైకి రా."

జనం తలలు తిప్పారు. దారి విడిచారు. ఏలూరు నుంచి ఆ ఊరికి ఎన్నిసార్లో వచ్చిపోయిన నిలోఫర్‌కు, ఆ నాలుగు బారల దారి నడవడం చేతకానట్లయింది. వేదిక మెట్టుమీద కాలు పెట్టేసరికి పొద్దున తాగిన టీ రుచి నాలుకమీద తిరిగి వచ్చింది. ముందువరసలోనుంచి ఇద్దరు తల్లులు ఆమెనే చూస్తున్నారు.

రత్నం ముఖం విప్పారింది. ఏడాదిన్నరగా ఎదురుచూచిన రోజు వచ్చినట్లు కొంగు నడుముకు బిగించి, ఊరివైపు తిరిగి చేయి ఎత్తింది.

"అందరూ వినండెహే! రక్తాలూ నీళ్ళూ పట్టికెళ్ళినోళ్ళందరిలోకీ మాట నిలబెట్టుకుంది ఈ అమ్మగారొక్కత్తే." ఆమె తిరిగి, మైకును తన చేతులతోనే నిలోఫర్ ముఖం ఎత్తుకు వంచింది. "చెప్పండి అమ్మగారూ. మీకేం భయం లేదు, నేనున్నాను. మా పిల్లల్ని పొట్టనెట్టుకున్నోళ్ళు ఎవరో చెప్పండి. ఇవాళ ఈ ఊరోళ్ళు ఊరుకోరు."

సత్యశ్రీ దోసిలి అలాగే చాపి ఉన్నది. మైకులోనుంచి నిలోఫర్ ఊపిరి కొల్లేటిమీదకు వినిపించింది.